చాక్లెట్ కేకుకి బటర్ బీట్ చేయడం నిజంగా అవసరమా?

తీపిగిన్నె:
మొన్న ఇంట్లో పుట్టినరోజుకి చాక్లెట్ కేకు చేశాను. ఒకే గిన్నె, ఒక విస్క్, బటర్ బదులు నూనె. మొదలుపెట్టిన ముప్పావుగంటకి కేకు ఓవెన్ బయట ఉంది. పిల్లలు, పెద్దలు అందరూ రెండో ముక్క అడిగి తిన్నారు. బేకింగ్‌లో చెయ్యి తిరిగిన మా బంధువు ఒకావిడ మాత్రం "నూనె పోసి కలిపేస్తే కేకు ఎలా అవుతుంది, బటర్, పంచదార తెల్లగా నురగలా వచ్చేదాకా బీట్ చేస్తేనే కేకు" అన్నారు. అప్పటినుంచి అదే మాట మనసులో తిరుగుతోంది. మిగతా కేకుల సంగతి వదిలేయండి, చాక్లెట్ కేకు వరకు నూనె పద్ధతే మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను. తేలికగా అయిపోతుందని సర్దుకుపోవడం కాదు, కేకే బాగుంటుంది.

నా కొలతలు ఇవి: మైదా ఒకటిన్నర కప్పులు (190 గ్రాములు), పంచదార ఒక కప్పు (200 గ్రాములు), కోకో పావు కప్పు, వంటసోడా ఒక టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, వెనిగర్ ఒక టేబుల్ స్పూన్, వెనిల్లా ఒక టీస్పూన్, నీళ్ళు ఒక కప్పు (240 మిల్లీలీటర్లు). గుడ్లు లేవు, పాలు లేవు. పొడివన్నీ జల్లించి, తడివన్నీ పోసి, పిండి కనపడకుండా పోయేవరకు మాత్రం కలిపి, 8 అంగుళాల టిన్‌లో వేసి ముందే వేడి చేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. వెనిగర్ వాసన కేకులో మిగలదు, ఆ భయం వద్దు.

కాదనేవాళ్ళు కారణంతో చెప్పండి.

వెన్నముద్ద:
నేను కాదంటాను. పంచదార పలుకులు మెత్తటి బటర్‌లో గీసుకుంటూ తిరిగినప్పుడు సన్నటి గాలి బుడగలు వేలకొద్దీ అందులో చిక్కుకుంటాయి. సోడా గానీ బేకింగ్ పౌడర్ గానీ కొత్త బుడగల్ని పుట్టించవు, ఉన్న బుడగల్నే పెద్దవి చేస్తాయి. అంటే కేకు లోపల గుల్ల ఎంత సన్నగా ఉండాలో ఓవెన్‌లోకి వెళ్ళకముందే, ఆ నాలుగైదు నిమిషాల బీటింగ్‌లోనే తేలిపోతుంది. నూనెలో ఆ బుడగలు నిలవవు, అందుకే నూనె కేకు కోస్తే రంధ్రాలు పెద్దగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఇక బటర్ రుచి, అది వేరే లెవెల్, నూనెతో ఎప్పటికీ రాదు.

త్వరగా అవ్వాలని అసలు పనినే తీసేస్తే ఎలాగండీ?

తీపిగిన్నె:
బుడగల మాట నిజం, ఒప్పుకుంటున్నాను. బటర్ కేకు గుల్ల సన్నగా వస్తుంది. కానీ చాక్లెట్ కేకులో నాకు కావలసింది సన్నటి గుల్ల కాదు, తడి. బటర్‌లో దాదాపు 80 శాతమే కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. నూనె మొత్తం కొవ్వే. పైగా బటర్ చల్లబడితే గడ్డకడుతుంది, నూనె మామూలు గది వేడిలో ద్రవంగానే ఉంటుంది. ఆ తేడా నాలుక మీద తెలుస్తుంది. పైన క్రీమ్ వేసిన కేకుని ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు కదా, మర్నాడు తీసి కోస్తే బటర్ కేకు బిగుసుకుపోయి అరగంట బయట ఉంచితే గానీ తినలేం, నూనె కేకు తీసిన వెంటనే మెత్తగా ఉంటుంది.

రుచి విషయానికొస్తే, వెనిల్లా కేకులో బటర్ లేకపోతే లోటే, అక్కడ మీతోనే ఉంటాను. కోకో ఘాటు ముందు బటర్ వాసన ఎంతసేపు నిలబడుతుంది చెప్పండి? అంత బటర్ పోసి దాని రుచిని కోకోతో కప్పేయడం ఎందుకు?

మొదటిచెయ్యి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఇలాంటి నూనె కేకే చేశాను, బాగా రాలేదు. పైన కొండలా పొంగి నడిమికి పగిలింది. కోస్తే లోపల పైకి పోయే సన్నటి గొట్టాల్లాంటి రంధ్రాలు, నమిలితే సాగింది. మధ్యలో ఒకచోట సబ్బు రుచి కూడా తగిలింది. ఉండలు కనిపించాయని మిక్సర్‌తో ఐదు నిమిషాలు తిప్పాను. తప్పు పద్ధతిదా, నాదా? మళ్ళీ చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

వెన్నముద్ద:
ఆ గొట్టాలు ఎక్కువ కలపడం వల్ల వచ్చాయి. మైదాకి తడి తగిలి తిప్పేకొద్దీ గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్, బిగుస్తుంది, పొంగే గ్యాసు ఆ బిగువులోంచి దారి చేసుకుని పైకి పోతుంది. సాగడం కూడా అందుకే. ఇక్కడ తీపిగిన్నె గారి పద్ధతిలో లోపం లేదు. తడి పొడి కలిశాక మిక్సర్ ముట్టుకోకండి, విస్క్‌తో ఓ ముప్పై నలభై తిప్పులు చాలు, చిన్న చిన్న ఉండలు ఉన్నా ఓవెన్‌లో కరిగిపోతాయి.

మైదా ఎలా కొలిచారు? కప్పుని నేరుగా సంచిలో ముంచితే పిండి అదిమి పడుతుంది, 125 గ్రాములు రావాల్సిన కప్పు 150 దాకా పోతుంది. ఒకటిన్నర కప్పులకి 40 గ్రాముల దాకా ఎక్కువ పడ్డట్టే, కేకు పొడిబారడానికి అదొక్కటే చాలు. చెంచాతో కప్పులోకి వేసి పైన చాకుతో చదును చేయండి. తూకం ఉంటే ఇంకా మంచిది.

కోకోడబ్బా:
సబ్బు రుచి గురించి నేను చెప్తాను, ఎందుకంటే మీరిద్దరూ కొట్టుకుంటున్న బటర్-నూనె సంగతి కంటే ఇదే పెద్ద విషయమని నా అభిప్రాయం. కోకో రెండు రకాలు. మామూలు కోకోకి సహజంగా పులుపు గుణం ఉంటుంది, పొడి లేత గోధుమ రంగులో ఉంటుంది. రెండోది డచ్ ప్రాసెస్డ్, క్షారంతో శుద్ధి చేసింది, రంగు ముదురు, ఘాటు తక్కువ, పులుపు దాదాపు పోతుంది. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కోకో నుంచి కొవ్వు పిండే ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు, క్షారం కలిపే పద్ధతి కూడా ఆ కుటుంబం పేరు మీదే ఉంది, డచ్ అన్న పేరు అలా వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే సోడాకి పులుపు కావాలి. పులుపు సరిపోకపోతే సోడా మిగిలిపోయి సబ్బులా తగులుతుంది. ఒకేచోట తగిలిందంటే జల్లించకుండా వేసి ఉంటారు, సోడా ఉండకట్టి అలాగే మిగిలిపోయి ఉంటుంది. మీ డబ్బా మీద పదార్థాలు చదవండి, క్షారం లేదా ఆల్కలీ అని ఉంటే అది డచ్ రకం, దానితో చేస్తే వెనిగర్ అస్సలు మానొద్దు. బేకింగ్ పౌడర్‌లో అయితే పులుపు లోపలే ఉంటుంది కాబట్టి ఏ కోకో అయినా పనిచేస్తుంది. ఆ పౌడర్ పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. 1843లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి ఈస్ట్ పడదని, ఈస్ట్ లేకుండా రొట్టె పొంగేలా దాన్ని తయారుచేశాడు.

ఇంకో మాట. కోకోని పొడిగానే మైదాలో కలిపేయకండి. కప్పు నీళ్ళలో సగం బాగా వేడి చేసి అందులో కోకో వేసి కలిపి ఐదు నిమిషాలు వదలండి. ముద్దలా చిక్కబడి మెరుస్తుంది, ఆ వాసన వంటగది అంతా నిండుతుంది. అదే కోకో, అదే కొలత, చాక్లెట్ రుచి మాత్రం బాగా పెరుగుతుంది.

రాత్రిఆకలి:
ఇంత చర్చ దేనికి? కప్పులో నాలుగు టేబుల్ స్పూన్ల మైదా, రెండు కోకో, మూడు పంచదార, పావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, నాలుగు పాలు, రెండు నూనె. మైక్రోవేవ్‌లో నిమిషం పావు. ఇంతకంటే త్వరగా ఇంకేం అవుతుంది?

తీపిగిన్నె:
ఒక్కరికి, అప్పటికప్పుడు తినడానికి బాగుంటుంది, కాదనను. కానీ మైక్రోవేవ్‌లో పై పొర కాలదు, నీళ్ళు మరిగే వేడి దగ్గరే ఉండిపోతుంది, కాబట్టి ఓవెన్‌లో అంచుల దగ్గర వచ్చే ఆ ముదురు రుచి రానే రాదు. చల్లారితే గట్టిపడుతుంది. అందులో మొత్తం గుడ్డు కొట్టమనే కొలతలు కూడా చూశాను, అంత చిన్న కప్పుకి గుడ్డు ఎక్కువైపోయి రబ్బరులా తయారవుతుంది. పదిమందికి పెట్టాలంటే అది దారి కాదు.

వెన్నముద్ద:
మాటలతో తేలేలా లేదని ఆదివారం రెండూ చేశాను. ఒకే కోకో, ఒకే సైజు టిన్, ఒకే వేడి. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఐదుగురికి పెట్టాను. అదే రోజు సాయంత్రం నలుగురు బటర్ కేకు బాగుందన్నారు. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి మంగళవారం మళ్ళీ పెడితే ఐదుగురూ నూనె కేకే తిన్నారు. నా కేకు అంచు చెంచాతో నొక్కితే పొడిపొడిగా రాలింది, మీది నొక్కితే దిగి మళ్ళీ పైకి లేచింది. ఇది చూసి కూడా కాదనడం న్యాయం కాదు.

కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. అదే రోజు తినేసేదైతే, రెండు మూడు పొరలు పేర్చి నిలబెట్టాల్సిందైతే బటర్ కేకే చేస్తాను. మీ కేకు పొరలుగా కోస్తుంటే మెత్తదనానికి ఒకవైపు చిరిగింది.

తీపిగిన్నె:
పొరల సంగతి ఒప్పుకుంటాను, నాకూ అలా చిరిగింది. పూర్తిగా చల్లార్చి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి రంపపు పళ్ళున్న చాకుతో కోస్తే చాలావరకు బాగానే వస్తుంది. మూడు పొరలు మాత్రం నేనెప్పుడూ పేర్చలేదు.

కానీ అదే రోజు కూడా బటరే గెలిచిందన్న దగ్గర నాకు అనుమానం ఉంది. మీరు కోకోని వేడి నీళ్ళలో నానబెట్టారా, పొడిగా వేశారా?

వెన్నముద్ద:
పొడిగానే వేశాను, రెండింట్లోనూ. సరే, వచ్చే ఆదివారం నానబెట్టి చేస్తాను.

మొదటిచెయ్యి:
నేను మళ్ళీ చేశాను. పిండి తూచాను, సోడా జల్లించాను, కోకో నానబెట్టాను, విస్క్‌తో ముప్పై ఐదు తిప్పులు లెక్కపెట్టి ఆపేశాను. పిండి ఇంత పలచగా ఉందేంటని చేతులు మళ్ళీ మైదా డబ్బా వైపు పోయాయి కానీ వెయ్యలేదు. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టేశాను, 25 నిమిషాల దాకా తలుపు తీయలేదు. 31వ నిమిషంలో టూత్‌పిక్ గుచ్చితే రెండు తడి పలుకులు అంటుకుని వచ్చాయి, పచ్చి పిండి లేదు. పైన చదునుగా ఉంది, పగల్లేదు. ఇప్పుడు జాలీ మీద చల్లారుతోంది, మా అమ్మాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

వెన్నముద్ద:
వేడి మీద కోయకండి, ముద్దైపోతుంది. ఇంకో గంట ఆగమనండి పాపని.