విల్లీ ఓరీ: 45 మ్యాచ్‌ల ఆటగాడికి హాల్ ఆఫ్ ఫేమ్ ఎందుకు?

ప్రశ్న

విల్లీ ఓరీ గురించి చదువుతుంటే ఒక సందేహం కలిగింది. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన ఆడినవి 45 మ్యాచ్‌లే. చేసినవి 4 గోల్స్, 10 అసిస్ట్‌లు (తోటివారి గోల్‌కు దారితీసిన పాస్‌లు). ఈ లెక్కలు చూసి ఎవరూ ఒక ఆటగాణ్ణి గొప్పవాడనరు. అయినా 2018లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. 2022 జనవరిలో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు ఆయన 22వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకూడదని శాశ్వతంగా పక్కన పెట్టింది. ఆ లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు కావడమొక్కటే ఇందుకు కారణమా, లేక ఆటలోనూ ఆయనకు చెప్పుకోదగ్గ స్థాయి ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

45 అన్న అంకె ఎన్‌హెచ్‌ఎల్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఓరీ వృత్తి ఆటగాడిగా రెండు దశాబ్దాలకు పైగా ఆడి, 1979లో 43 ఏళ్ల వయసులో విరమించారు. 1958 జనవరి 18న మాంట్రియల్ ఫోరమ్‌లో బ్రూయిన్స్ తరఫున ఆయన తొలిసారి బరిలో దిగేనాటికి లీగ్‌లో ఉన్నవి ఆరు జట్లే కాబట్టి, ఎంతో సమర్థులైన ఆటగాళ్లు కూడా కింది లీగుల్లోనే ఏళ్లు గడపవలసి వచ్చేది. ఆ సీజన్‌లో ఆయనకు దక్కినవి రెండు మ్యాచ్‌లు. మిగిలిన 43 మ్యాచ్‌లు 1960–61 సీజన్‌లోవి. తర్వాత ఆయనను మాంట్రియల్ జట్టుకు బదిలీ చేశారు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచిన ఆ జట్టులో కొత్తవాడికి ఖాళీ ఎక్కడిది? అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే పశ్చిమ తీరానికి, లాస్ ఏంజిలిస్ బ్లేడ్స్ జట్టుకు వెళ్లవలసి వచ్చింది.

అసలు విశేషం ఆయన కుడి కన్ను. జూనియర్ స్థాయిలో ఆడుతుండగా పక్ (బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) తగిలి ఆ కంటి చూపు పోయింది. ఒంటికన్ను ఆటగాళ్లకు ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రవేశం లేదు కాబట్టి ఆయన ఆ సంగతిని జట్ల యాజమాన్యాలకు తెలియనివ్వలేదు. పైగా ఆయన ఆడింది లెఫ్ట్ వింగ్‌లో. ఎడమ గోడ వెంబడి దూసుకుపోయే ఆటగాడికి పాస్‌లు వచ్చేదీ, ఢీకొట్టే ప్రత్యర్థులు వచ్చేదీ కుడివైపు నుంచే. అంటే ప్రతిసారీ తలను కుడి భుజం మీదుగా పూర్తిగా తిప్పితే తప్ప పక్ ఎక్కడుందో ఆయనకు కనిపించేది కాదు. లాస్ ఏంజిలిస్‌లో కోచ్ ఆయనను రైట్ వింగ్‌కు మార్చాక మైదానమంతా ఎడమ కంటి ముందుకు వచ్చింది, గోల్స్ సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అప్పటి వెస్టర్న్ హాకీ లీగ్‌లో రెండుసార్లు ఆయన అగ్రశ్రేణి స్కోరర్‌గా నిలిచారు. బోస్టన్‌లోనే ఎవరైనా ఆ మార్పు చేసి ఉంటే ఎలా ఉండేదో కానీ, కారణం దాచిపెట్టిన మనిషికి ఆ సలహా ఎవరిస్తారు?

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి. హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకున్నది ఆటగాళ్ల విభాగంలో కాదు, ఆటను నిర్మించినవారి విభాగంలో. కాబట్టి గోల్స్ లెక్కతో ఆ గౌరవాన్ని తూచడం సరికాదు. 1998లో ఎన్‌హెచ్‌ఎల్ ఆయనకు యువజన కార్యక్రమాల బాధ్యత అప్పగించింది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ‘హాకీ ఈజ్ ఫర్ ఎవ్రీవన్’ అనే పేరుతో సాగిన ఆ పని కోసం ఆయన ఉత్తర అమెరికా అంతటా తిరిగారు.

ఐస్ హాకీ ఖరీదైన ఆట. స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు, కర్ర కొనాలి. పిల్లలు ఎదిగేకొద్దీ అన్నీ మళ్లీ కొనాలి. రింక్‌కు, అంటే మంచు మైదానానికి, అద్దె వేరే. అందుకే ఆ కార్యక్రమంలో చేరిన స్థానిక సంఘాలు పిల్లలకు సామగ్రినీ, మంచు మీద సమయాన్నీ ఉచితంగానో, చాలా తక్కువ రుసుముకో ఇస్తాయి. ఓరీ ఊరికే ప్రసంగించి వెళ్లిపోయే అతిథిగా ఉండలేదు. పిల్లలతోపాటు స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగేవారు, పాఠశాలలకు వెళ్లి చదువు మానవద్దని చెప్పేవారు. ఆయన స్వస్థలం కెనడాలో, న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫ్రెడరిక్టన్. అక్కడి క్రీడా ప్రాంగణానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

జవాబు 3

ఓరీ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు, కానీ ఈ సన్మానాల సందడిలో లీగ్ చరిత్ర మరుగున పడకూడదు. ఆయన చివరి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ 1961లో జరిగితే, మరో నల్లజాతి ఆటగాడు, వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు చెందిన మైక్ మార్సన్, మంచు మీదికి వచ్చింది 1974లో. తలుపు తెరిచారని అంటాం. పదమూడేళ్లపాటు ఆ తలుపులోంచి ఇంకెవరూ లోపలికి రాలేదు. ఓరీకి ముందుతరం నల్లజాతి ఆటగాడైన హెర్బ్ కార్నెగీకైతే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే అవకాశమే దక్కలేదు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను గుర్తించింది 2022లో, ఆయన మరణించిన పదేళ్లకు. ఓరీ మాత్రం 83 ఏళ్ల వయసులోనైనా ఆ గౌరవాన్ని స్వయంగా అందుకోగలిగారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నిర్మాతల విభాగమని తెలియక ఆటగాళ్ల లెక్కలతో పోల్చాను. ఆయన పేరు మీద లీగ్ ఏదో పురస్కారం కూడా ఇస్తోందని విన్నాను. అది ఆటగాళ్లకేనా?

జవాబు 2 రాసినవారు

కాదండీ. ‘విల్లీ ఓరీ కమ్యూనిటీ హీరో అవార్డు’ను 2018లో ప్రారంభించారు. హాకీ ద్వారా తమ ప్రాంతానికి మేలు చేసినవారికి దాన్ని ఇస్తారు. స్టార్ ఆటగాడై ఉండవలసిన అవసరం లేదు. మొదటి పురస్కారం, ఆ ఏడాది ఏప్రిల్‌లో కెనడాలో జరిగిన బస్సు ప్రమాదంలో మరణించిన హంబోల్ట్ బ్రాంకోస్ జూనియర్ జట్టు కోచ్ డార్సీ హౌగన్‌కు మరణానంతరం దక్కింది.