నాలుగేళ్లుగా సర్వీస్ రికార్డు లేని పాత కారు కొనొచ్చా?

ఖమ్మం మాస్టారు
అందరికీ నమస్కారం. మా ఇంటికి మొదటి కారు కొంటున్నాం, అదీ పాతది. 2018 జూన్‌లో రిజిస్టరైన స్విఫ్ట్ పెట్రోల్. ఒకే ఓనరు, మా ఊళ్లోనే ఉంటాడు. మీటర్ 58,400 కిలోమీటర్లు చూపిస్తోంది, 5 లక్షల 20 వేలు అడుగుతున్నాడు. చూడ్డానికి బండి బాగుంది. చిక్కల్లా ఒక్కటే. 2021 మార్చిలో 31,200 దగ్గర జరిగిన సర్వీసు వరకు కంపెనీ సర్వీస్ సెంటర్ బిల్లులు వరసగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క కాగితం లేదు. "వారంటీ అయిపోయింది కదా సార్, బయట మెకానిక్ దగ్గరే చేయించా, ఆయన బిల్లులివ్వడు" అంటున్నాడు. రికార్డు లేని బండి జోలికే పోవద్దని మా బావగారు. కారు చూసి కొంటారు గానీ కాగితాలు చూసి కొంటారా అని మా తమ్ముడు. ఇద్దరి మధ్యా నాకు నిద్ర పట్టడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

రికార్డే ముఖ్యం
మీ బావగారి మాటే నా మాట. నేను 2019లో హైదరాబాద్‌లో ఒక డీజిల్ బండి కొన్నాను. మీటర్ 62 వేలు. లోపల, బయట తళతళలాడుతోంది. ఆరు నెలలు తిరక్కుండానే క్లచ్ పోయింది, వెనకాలే టర్బో. అప్పుడు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే, నంబర్ కొట్టిన అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పాడు. నేను కొనడానికి రెండేళ్ల ముందే ఆ బండి 1,10,000 దగ్గర సర్వీసుకు వచ్చి ఉంది. నా మీటర్ మీదేమో అప్పటికి 68 వేలు. లక్షా 35 వేలు ఖర్చయింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు.

మాస్టారూ, మీ బండి లెక్క చూడండి. మొదటి 33 నెలల్లో 31,200, అంటే ఏడాదికి 11 వేల పైచిలుకు. తర్వాత నాలుగున్నరేళ్లలో 27 వేలు, అంటే ఏడాదికి ఆరు వేలు. ఒకే మనిషి, ఒకే ఊరు. తిరుగుడు సగానికి ఎందుకు పడిపోయింది? సరిగ్గా కాగితాలు ఆగిన చోటే ఎందుకు పడిపోయింది? దీనికి సమాధానం దొరకనంత వరకు అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంకో మాట. వాట్సాప్‌లో పంపిన బిల్లు ఫోటోలు నమ్మొద్దు. ఈ రోజుల్లో సర్వీస్ సెంటర్లు బయటివాళ్లకు వివరాలు చెప్పడం తగ్గించాయి కాబట్టి, ఓనరు పక్కనే కూర్చుని అతని ఫోన్లోనే కంపెనీ యాప్ తెరిపించి, సర్వీస్ వరస మీ కళ్లతో చూడండి.

ఆటోనగర్ షెడ్డు
విజయవాడలో 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. పైన తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ అది చూపించి రికార్డు లేని బండ్లన్నీ దొంగ బండ్లంటే ఒప్పుకోను. వారంటీ అయిపోగానే మా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అక్కడ సర్వీసుకు అయ్యే దాంట్లో సగంతో ఇక్కడ పనైపోతుంది. అంతమాత్రాన బండిని పాడు చేసుకున్నట్టా?

బిల్లు ఉందంటే బిల్లు కొట్టారని అర్థం, పని జరిగిందని కాదు. ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు బిల్లున్న బండిలో పాత ఫిల్టర్ దుమ్ము పట్టి అలాగే ఉండటం నేనే చూశాను. అందుకే నేను బండినే అడుగుతాను. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. నల్లగా తారులా గడ్డకట్టి ఉంటే ఆయిల్ సరిగా మార్చలేదని అర్థం. పల్చటి గోధుమరంగు పొర మాత్రమే ఉంటే భయం లేదు. బానెట్, డోర్ల బోల్టుల తలలు చూడండి. రంగు చిట్లి, స్పానర్ గాట్లుంటే అవి ఎప్పుడో ఊడాయి. బానెట్ ఎత్తి రెండు వైపులా ఆప్రాన్ మీద, అంటే ఇంజన్ పక్కన చక్రాల పైనుండే లోపలి రేకు మీద, వేలితో రాయండి. కంపెనీ వెల్డింగు చుక్కలు ఒకే దూరంలో గుండ్రంగా తగులుతాయి. టింకరింగ్ జరిగిన చోట ఆ వరస తప్పుతుంది.

ఇక మీటర్. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 1818 అంటే 2018లో 18వ వారం. 58 వేలు తిరిగిన బండికి టైర్లు ఒకసారి మారి ఉండటం సహజం. కానీ 30 వేలే తిరిగిందనే బండికి నాలుగూ కొత్త టైర్లుంటే ఎందుకు మార్చావని అడగాలి. అద్దాల మీదా తయారైన ఏడాది గుర్తు ఉంటుంది. మిగతావన్నీ 2018వి, ఒక్కటి 2022ది అయితే ఆ వైపు ఏదో తగిలింది. బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ పైభాగం చూడండి. మీటర్ తిప్పేవాడు వీటి అరుగుదలను వెనక్కి తిప్పలేడు. కొత్త కవర్లు తొడిగి ఉంటే అవీ తీయించి చూడండి.

సింగ్‌నగర్ అక్క
నాది రెండు వైపులకూ చెందని అనుభవం. చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మేము 2025 మొదట్లో కొన్న కారుకు రికార్డు అద్దంలా ఉంది. ఒక్క సర్వీసు తప్పలేదు. చివరిది 2024 జూలైలో. సెప్టెంబర్ ఒకటిన విజయవాడలో బుడమేరు వాగు మా కాలనీల మీదికి వచ్చింది. రోజుల తరబడి ఆ నీళ్లలోనే ఉన్నాం. అలాంటి మేమే మునిగిన కారు కొన్నాం.

రికార్డులో అబద్ధం లేదు. ఏడాదికోసారి సర్వీసు కాబట్టి తర్వాతది 2025 జూలైలోనే రావాలి. మధ్యలో నీళ్లలో ఉందన్న సంగతి రాసేందుకు ఆ కాగితంలో చోటే లేదు. మొదట ముక్కిన వాసన, తర్వాత ఎడమ అద్దం ఎక్కడం మానేసింది, ఆపైన ఎయిర్‌బ్యాగ్ లైటు. మెకానిక్ కార్పెట్ లేపితే కింద మెత్తటి ఒండ్రు, పిండి జల్లించినట్టు. సీట్ బెల్టును చివరికంటా లాగి చూపించాడు. చేతికి అందేంత మేర శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే భాగంలో అడ్డంగా మట్టి గీత. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

మాస్టారూ, మీ ఊళ్లోనూ ఆ వారంలోనే మున్నేరు పొంగింది కదా. ఓనరు ఇల్లు ఎక్కడో కనుక్కోండి. బెల్టు నాలుగు సీట్లకూ లాగండి.

మాంచెస్టర్ తెలుగు
ఇక్కడ యూకేలో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ప్రతిసారీ మీటర్ రీడింగ్ ఎక్కిస్తారు. బండి నంబర్ కొడితే ఆ చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరికైనా ఉచితంగా కనిపిస్తుంది. మా నాన్నగారికి నెల్లూరులో పాత కారు చూస్తున్నప్పుడు ఇలాంటిదేమీ లేక చాలా టెన్షన్ పడ్డాను. మన దగ్గర సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష 15 ఏళ్లు నిండాకే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడైనా మీటర్ అంకె నమోదు చేసి అందరికీ చూపిస్తే ఈ మోసాలు చాలావరకు ఆగుతాయి.

పాలసీ చూసేవాడిని
ఇన్సూరెన్స్ వైపు పనిచేస్తాను. ఇంతమందిలో ఎవరూ పాలసీ కాగితం ఊసెత్తలేదు. ప్రస్తుత పాలసీతో పాటు పాత ఏళ్లవీ అడగండి, వాటిలో నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంత శాతమో చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచే కొద్దీ అది 20, 25, 35, 45, చివరికి 50 శాతం అవుతుంది. నిరుడు 45 ఉండి ఈ ఏడు సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. అయితే ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత కారు మీద సంపాదించింది కొత్త దానికి తెచ్చుకోవచ్చు. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే యాడాన్ (అదనపు కవరు) కూడా ఉంటుంది. అందుకే ఒక ఏడాదిది చూసి తేల్చకండి, వరసగా చూడండి. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే ఇవేవీ తెలియవు.

పాలసీ ఎప్పుడైనా గడువు దాటిందా అనీ అడగండి. అలా దాటాక ఫుల్ పాలసీ తీసుకుంటే కంపెనీ బండిని పరీక్షించి ఫోటోలు తీస్తుంది, వాటిలో మీటర్‌దీ ఉంటుంది. ఆ తేదీన ఎన్ని కిలోమీటర్లో దానికంటే గట్టి సాక్ష్యం లేదు.

రికార్డే ముఖ్యం
షెడ్డు అన్నా, మీరు చెప్పినవన్నీ నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆప్రాన్ మీద వేలు పెట్టి వెల్డింగు చుక్క తప్పిందని చెప్పగలిగే చెయ్యి మీది. మాస్టారిది చాక్‌పీస్ పట్టే చెయ్యి. ఆయన ఐదు లక్షలు పెడుతున్నారు. నిరూపించుకునే భారం అమ్మేవాడి మీద ఉండాలి గానీ కొనేవాడి మీద పడకూడదు. ఏడాదికి రెండు వేల రూపాయల బిల్లు దాచుకోలేని మనిషి ఆయిల్ సమయానికి మార్చాడని ఎలా నమ్మమంటారు?

ఆటోనగర్ షెడ్డు
తమ్ముడూ, బిల్లు లేకపోవచ్చు, రాత ఉంటుంది. ఏ షెడ్డులోనైనా గోడకు వేలాడే లాంగ్ నోట్‌బుక్ ఒకటుంటుంది. ఎవరు ఎంత బాకీ, ఏ బండికి ఎప్పుడు ఏం వేశాం అన్నీ అందులోనే. మాస్టారూ, ఓనర్ని ఆ మెకానిక్ పేరు అడగండి. పేరు చెప్పడానికి నసిగితే ఇక బండి చూడక్కర్లేదు. చెబితే మీరే నేరుగా వెళ్లండి.

ఖమ్మం మాస్టారు
నిన్న ఆదివారం వెళ్లొచ్చాను. ఓనరు పేరు వెంటనే చెప్పాడు, ఫోన్ కూడా కలిపిచ్చాడు. బైపాస్ రోడ్డు పక్కన రెండు బండ్లు పట్టే రేకుల షెడ్డు. మెకానిక్ మూడు నోట్‌బుక్కులు తీశాడు. అట్టల మీద ఆయిల్ వేలిముద్రలు, లోపల పెన్సిల్ రాత. ఓపిగ్గా వెతికి చూపించాడు. 2021 నవంబర్, 34,900, ఆయిల్, ఫిల్టర్. 2022 డిసెంబర్, 41,000, ఆయిల్, ముందు బ్రేక్ ప్యాడ్లు. ఆ తర్వాత 2024 ఫిబ్రవరి, 49,500, ఆయిల్, ఫిల్టర్, బ్యాటరీ. 2025 మార్చి, 55,800, ఆయిల్. మధ్యలో ఒకసారి 14 నెలలు ఆయిల్ మార్చలేదు. ఓనర్ని అడిగితే దాచలేదు. వాళ్ల అమ్మగారికి ఒంట్లో బాగాలేక అప్పుడు బండి సంగతే పట్టించుకోలేదన్నాడు.

2021 తర్వాత తిరుగుడు ఎందుకు తగ్గిందనీ అడిగాను. అంతకుముందు వారం వారం కొత్తగూడెం వెళ్లొచ్చేవాడట, తర్వాత ఖమ్మానికే బదిలీ అయింది. పాలసీలు వరసగా ఉన్నాయి, బోనస్ ఎక్కడా తెగలేదు. బెల్టులు నాలుగూ లాగాను, శుభ్రంగా ఉన్నాయి. ఇల్లు మున్నేరుకు దూరం, రెండో అంతస్తు, కింద పార్కింగ్ ఎత్తు మీద ఉంది. ఎడమ వెనక డోర్ అద్దం మాత్రం 2023ది. గేటుకు తగిలి పగిలిందన్నాడు. మెకానిక్ పుస్తకంలోనూ ఆ అద్దం పద్దు ఉంది.

బేరం చెడగొట్టేవి ఏమీ కనపడలేదు గానీ, ఆ 14 నెలలు, కాగితాల్లేని ఏళ్లు చూపించి 4 లక్షల 85 వేలకు ఒప్పించాను.

రికార్డే ముఖ్యం
మీరింత శ్రమపడి తెలుసుకున్నారు, సంతోషం. అయినా నేనైతే కొనను. పెన్సిల్ రాత చెరిపి రాయొచ్చు, మెకానిక్ ఓనరుకు కావాల్సినవాడు. మీరు తీసుకోవాలనే నిశ్చయించుకుంటే, టోకెన్ ఇచ్చే ముందు ఓనరుతో గానీ ఆ మెకానిక్‌తో గానీ సంబంధం లేని మూడో షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి స్కానర్ పెట్టించండి. చలాన్లు, బ్యాంకు హైపోథికేషన్ (బండి మీద లోను తాకట్టు) ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడండి. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు మిగిలితే, అది తీయించే ఫారం 35 ఓనరే తేవాలి.

ఆటోనగర్ షెడ్డు
మూడో షెడ్డు మాట నాకూ నచ్చింది. పెన్సిల్ గురించి మాత్రం ఒక మాట. నాలుగేళ్ల తర్వాత ఎవరో మాస్టారు వస్తారని ముందే తెలిసి బాకీల మధ్యలో ఒక్కో బండి పద్దు ఎవరూ ఇరికించరు. పైన, కింద ఉన్న పద్దుల తేదీలు వరసలో ఉన్నాయా చూశారా?

ఖమ్మం మాస్టారు
చూశాను అన్నా, వరసలోనే ఉన్నాయి. బుధవారం మా తమ్ముడితో కలిసి వేరే షెడ్డులో లిఫ్ట్ ఎక్కిస్తున్నాం. బావగారినీ రమ్మన్నాను, వస్తానన్నారు. బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు ఆ తర్వాతే.