ఉయ్యాల పాటల కింద ‘యథాతథంగా’ అని రాద్దామా?

నల్గొండ నుంచి ఒక అన్న అడిగారు: “మన మాటల నిఘంటువు యాప్‌కూ, అమ్మలు పాడిన ఉయ్యాల పాటల రికార్డింగులకూ కలిపి ‘ఎవరైనా యథాతథంగా పంచుకోవచ్చు’ అని ఒకే వాక్యం పెడితే చాలదా?”

చాలదన్నా. యాప్‌కైతే ఆ మాట అసలే నప్పదు. ప్రోగ్రాం పనికొచ్చే వస్తువు. రేపు కొత్త ఫోన్లలో ఒత్తులు చెదిరితే ఎవరో ఒకరు విప్పి సరిచేయాలి. యథాతథం అంటే ఆ దారి మనమే మూసినట్టు. దానికి జీపీఎల్ పెడదాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన లైసెన్సు అది. మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే మాత్రం సోర్సు కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. రాతలూ పాటలూ పంచుకోవడానికి లైసెన్సులు తయారుచేసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) సంస్థవాళ్లే తమ లైసెన్సులు సాఫ్ట్‌వేర్‌కు వాడొద్దంటారు. నిఘంటువులోని అర్థాలకు మాత్రం వాళ్లదే, తెలుగు వికీపీడియా వాడే సీసీ బై-ఎస్‌ఏ సరిపోతుంది: మార్చుకోవచ్చు, కానీ చేసినవాళ్ల పేరు చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్సు కింద పంచాలి.

పాటల దగ్గరే ఆగి ఆలోచించాలి. స్టాల్‌మన్ కూడా తన అభిప్రాయ వ్యాసాలను మార్చకుండానే పంచుకోమంటారు. ఒకరి మాట మార్చి వాళ్ల పేరు మీద నడిపించడం అన్యాయం కదా. ఆ లెక్కన సాయుధ పోరాటం గురించి పెద్దలు చెప్పిన జ్ఞాపకాలకు యథాతథం సరైన మాటే. ఉయ్యాల పాట అట్లా కాదు. దేవరకొండలో పాడిన చరణం అచ్చంపేట చేరేసరికి ఊరి పేరు మారుతుంది, చెరువు పేరు మారుతుంది, పాడే ఆమె తన ఆడబిడ్డను కూడా అందులో చేరుస్తుంది. మారబట్టే అది ఇన్ని తరాలు నడిచింది. దాని కింద మార్చొద్దని రాయడానికి నాకు మనసొప్పదు. అందుకే పాటల రికార్డింగులకు కూడా బై-ఎస్‌ఏనే పెడదాం.

పైగా పాట మనది కాదు, రికార్డింగు వరకే మన హక్కు. పాడినవాళ్లకు మన చట్టంలో 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉంది. ఏ లైసెన్సు పెట్టినా ముందు అమ్మలకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దన్న పాటను పక్కన పెట్టాలి.

“సినిమావాళ్లు ఎత్తుకపోతే?” అని కింద కామెంట్లలో ఒక అక్క అడిగారు. న్యాయమైన భయమే అక్కా. పాటను వాళ్లు మళ్లీ పాడించుకుంటే మన లైసెన్సు ఆపలేదు. కానీ మన రికార్డింగునే దృశ్యానికి జోడిస్తే, బై-ఎస్‌ఏ ప్రకారం పాడిన అమ్మల పేర్లు వేయాలి, ఆ దృశ్యాన్ని కూడా అదే లైసెన్సు కింద అందరికీ వదలాలి. అందుకే ప్రతి పాట పక్కన పాడినవాళ్ల పేరు, ఊరు వాళ్లు చెప్పినట్టే రాసి పెడదాం.