చమత్కారం ఉన్నదల్లా చాటువేనా?

చర్చ ప్రారంభించినవారు:
తక్కువ మాటల్లో చమత్కారంగా చెప్పినదేదైనా, అది వచనమే అయినా, చాటువు అనవచ్చునని నా అభిప్రాయం. పలనాటిలో దాహానికి నీళ్లు దొరకని శ్రీనాథుడు చెప్పాడంటూ ప్రచారంలో ఉన్న కందం చూడండి. పదహారువేలమందిని పెండ్లాడడం సిరిగలవాడికి చెల్లుతుందని మొదలుపెట్టి, ‘తిరిపెమున కిద్దరాండ్రా? పరమేశా! గంగ విడుము, పార్వతి చాలున్’ అని శివుణ్ణే నిలదీశాడు. ఆ కొసమెరుపు నేటి ఒంటివాక్యంలో ఉంటే దానికి ఆ పేరెందుకు దక్కకూడదు?

ఒక సభ్యురాలు:
మీ వాదానికి ఒదిగే పద్యాన్నే మీరు ఎంచుకున్నారు. అదే శ్రీనాథుడి పేరుతో వినిపించే ‘కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి’ అనే సీసం మాటేమిటి? ఆదరించిన ప్రభువులందరూ గతించారని, కలియుగంలో ఇక ఉండడం కష్టమని చెప్పే ఆ పద్యంలో నవ్వూ లేదు, క్లుప్తతా లేదు. అయినా అది చాటువే. సంస్కృతంలో ప్రియవచనం, ముఖస్తుతి అనే అర్థాలున్న ఈ మాట, తెలుగులో ఏ కావ్యంలోనూ భాగం కాకుండా ఒక సందర్భంలో పుట్టి నోటినోటా బ్రతికిన విడిపద్యానికి పేరైంది. వేములవాడ భీమకవికి అంటగట్టిన శాపపద్యాలు సైతం ఆ కోవలోనివే. వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) చాటుపద్యమణిమంజరి కూర్చినది ఈ విస్తృతార్థంలోనే కాని, హాస్యపద్యాలను మాత్రమే ఏరి కాదు.

చర్చ ప్రారంభించినవారు:
ఆ సీసం చివర ‘దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ’ స్వర్గానికి వెళ్తున్నానంటాడు కదా! చావుముందు కూడా దేవలోకపు కవిని బెదిరించడం చమత్కారం కాక మరేమిటి?

మరొక సభ్యుడు:
ఆ పాదం విషయంలో మీరన్నదే నిజం. అయితే చమత్కారం చాటువులో తరచుగా కనిపించే గుణమే కాని లక్షణం కాదు. అసలు లక్షణం సందర్భం. ధూర్జటి పలుకులకు అంతటి మాధుర్యం ఎలా అబ్బిందని రాయలు సగం పద్యంలో పొగిడితే, తెనాలి రామకృష్ణుడు మిగిలిన సగంలో వారకాంతల ఊసెత్తి ఆ పొగడ్తను తిప్పికొట్టాడని చెబుతారు. అది చారిత్రకంగా జరిగిందా అన్నది వేరే వాదం, దాన్ని ఇక్కడికి లాగవద్దు. ఆ కథను తీసివేస్తే పద్యంలో వాడి సగం పోతుందన్నదే నేను చెప్పదలచినది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తెలియనక్కరలేని నేటి ఒంటివాక్యాలకు ‘చతురోక్తి’ అనే చక్కని మాట ఉండగానే ఉంది.