మావయ్య తీసిన పాత రైడ్ టేపు, కాపాడుకోవడం ఎలా?

సీతమ్మధార: మా మావయ్య 1993లో ఫ్లోరిడా వెళ్లినప్పుడు డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో సబ్‌మెరైన్ రైడ్ వీడియో తీశాడు. 1971లో మొదలైన ఆ రైడ్‌ని 1994లో మూసేశారు. టేపు ఇన్నాళ్లూ మా అటక మీదే ఉంది, మన వైజాగ్ చెమ్మ తెలుసుగా, రీలు అంచున తెల్లగా బూజు. వీసీఆర్‌లో వేసి చూడొచ్చా?

గాజువాక: వద్దు గురూ! బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటే ఆ తర్వాత వేసే టేపులకీ పాకుతుంది. ముందు గాలి చొరబడని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో పెట్టు, బూజు శుభ్రం చేసి డిజిటల్ చేసేవాళ్లకే ఇవ్వు. మా పెళ్లి క్యాసెట్ తొందరపడి వేసి పోగొట్టుకున్నా, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పెదవాల్తేరు: ఫైల్ వచ్చాక వాట్సాప్‌లో వీడియోగా పంపి దాచేశాం అనుకోకండి, అది క్వాలిటీ తగ్గించేస్తుంది. అసలు ఫైల్‌ని రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి. బొమ్మ మసగ్గా ఉన్నా సరే, అనౌన్స్‌మెంట్ గొంతు, క్యూలో బోర్డులు మాత్రం కత్తిరించొద్దు, ఇప్పుడు వెళ్లినా దొరకనివి అవే. మావయ్యగారిని పక్కన కూర్చోబెట్టి ఆయన మాటలూ రికార్డు చేయండి.

సీతమ్మధార: థాంక్సండీ. మావయ్యకి చెప్తే "అసలు సబ్‌మెరైన్ కురుసుర 2002 నుంచి బీచ్ రోడ్డులో ఉంటే, ఆ ఉత్తుత్తి దానికి ఇంత హడావుడా" అని నవ్వాడు. ఆదివారం మాత్రం కూర్చుంటానన్నాడు.