అప్‌డేట్: యూనియన్ చందా లెక్క చూశాను

పోయిన నెల అడిగాను కదా, చెన్నై అంబత్తూరులో మా ఫ్యాక్టరీ యూనియన్‌కి నెలనెలా కట్టే చందా ఎటు పోతోందని. లెక్కల పుస్తకం అడిగి చూడమన్నారు మీరు. సభ్యులకు ఆ హక్కు, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే రాసి ఉండేది.

ఆదివారం వెళ్లాను. కోశాధికారి మా నెల్లూరాయనే. "కూర్చుని నిదానంగా చూసుకో తమ్ముడూ" అంటూ రిజిస్టర్ నా ముందు పెట్టారు. కోర్టు కేసులకు లాయర్ ఫీజులే ఎక్కువ. తర్వాత ఆఫీసు అద్దె, ఆడిట్. ఒక పేజీలో, ప్రెస్ మెషిన్‌లో కుడిచేతి వేళ్లు పోయిన మా షిఫ్ట్ అబ్బాయికి ఇచ్చిన సాయం. పక్కన ఎడమ చేత్తో వంకరగా పెట్టిన వాడి సంతకం. చూశాక నాకు నోట మాట రాలేదు.

రాజకీయ ఖర్చుకు వేరే నిధి ఉండాలని, అందులో ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదని కూడా ఆ చట్టంలో ఉండేది. మా దగ్గర ఆ నిధే లేదు.

బాకీతో సహా కట్టేశాను.