పూర్ణం బూరెలు రెండో వాయి నుంచి పగిలిపోతున్నాయి, ఏం మార్చాలి?

పైపిండికి 1 గ్లాసు మినపప్పు, 2 గ్లాసుల బియ్యం 5 గంటలు నానబెట్టి గ్రైండర్‌లో మెత్తగా రుబ్బుతున్నాను. పులియనివ్వను, ఉప్పు వేసి వెంటనే వాడతాను. పూర్ణానికి 1 గ్లాసు శనగపప్పు, నొక్కితే మెదిగేలా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి, 1 గ్లాసు బెల్లం తరుగుతో గరిటెకు ముద్దగా వచ్చేదాకా దగ్గరపెడతాను. చల్లారాక నిమ్మకాయంత ఉండలు.

మొదటి వాయి చక్కగా పొంగి, గుండ్రంగా వస్తుంది. రెండో వాయిలో నిమిషం గడిచేసరికి బూరెకు ఒక పక్కన సన్నటి గీత పడుతుంది, అందులోంచి పూర్ణం బుడగలుగా ఉబికి నూనెలోకి కారుతుంది. ఆ బెల్లం మాడి నూనె నల్లబడితే తర్వాతి వాయిలన్నీ చేదే.

పిండి గట్టిగా కలిపితే పై పొర మందమై, లోపల పచ్చిగా ఉంటోంది, పగలడం మాత్రం ఆగలేదు. పలుచన చేస్తే ఉండ బయటికే కనిపిస్తోంది. చెంచాడు బియ్యప్పిండి కలిపితే కరకరలాడాయి కానీ గీతలు ఎక్కువయ్యాయి. మంట పెంచినా, తగ్గించినా అంతే. ఉత్త పిండిని చుక్కలుగా వేస్తే మాత్రం ఒక్కటీ పగల్లేదు, అందుకే నా అనుమానం పూర్ణం మీదే. ఉండలు గిన్నెలో ఆగేకొద్దీ పైన కాస్త తడిగా, జిగురుగా తగులుతున్నాయి, పిండి జారిపోతోంది.

బూరెలు బాగా వచ్చినవాళ్లు చెప్పండి: ఉండలు ఇలా చెమర్చకుండా పూర్ణంలో బెల్లం తగ్గించాలా, లేక ఇంకా దగ్గరపెట్టాలా?